జపాన్, కొరియా బయ్యర్లకు ఒకటే క్యాటలాగ్: అట్ట మీద సూర్యకిరణాలు ఉండొచ్చా?

చీమకుర్తి గెలాక్సీ:
ఒంగోలు నుంచి అడుగుతున్నా. ఆగస్టు రెండో వారంలో మా గ్రానైట్ యూనిట్‌కి జపాన్, కొరియా బయ్యర్లను పిలవాలని అనుకుంటున్నాం. క్యాటలాగ్ అట్ట మీద నల్ల పలక, దాని వెనక ఎర్ర సూర్యుడు, చుట్టూ కిరణాలు. లోపల కృష్ణపట్నం నుంచి బుసాన్, యొకొహామా దాకా ఓడ దారి మ్యాపు. కిరణాలు తీసేయమని ఒకరు చెప్పారు గానీ కారణం చెప్పలేదు. వాళ్లిద్దరికీ అసలు పేచీ ఏంది? 1965లో డబ్బిచ్చి తేల్చుకున్నారు గదా?

పెన్నా ఒడ్డు:
తీసేయండి తమ్ముడూ. వట్టి ఎర్ర గుండ్రం జపాన్ జాతీయ జెండా, దాంతో ఇబ్బంది లేదు. కిరణాలున్నది మాత్రం 1870లో సైన్యం, 1889లో నౌకాదళం పెట్టుకున్న జెండా. కొరియాను ఏలిన సైన్యం మోసింది దాన్నే. 2018లో జెజు దీవి దగ్గర నౌకల ప్రదర్శనకి ఆ జెండా లేకుండా రమ్మని కొరియా అడిగితే జపాన్ ఓడే పంపలేదు. మీ బొమ్మలో కిరణాలు ఆ జెండాలో లాగా 16 కాకుండా 12 ఉన్నా కొరియావాళ్ల కంటికి అదే జెండా.

మ్యాపులో ఇంకో చిక్కుంది. రెండు దేశాల మధ్య నీళ్లను జపాన్ 'జపాన్ సముద్రం' అంటుంది, కొరియా 'తూర్పు సముద్రం' అంటుంది. మీ ఓడ దారికి ఆ పేరుతో పనిలేదు, ఖాళీగా వదిలేయండి. నెట్‌లో దించిన మ్యాపయితే పెద్దది చేసి చూడండి. మధ్యలో చిన్న దీవులకు డోక్డో అనో తకెషిమా అనో పేరు కనపడొచ్చు. అవి కొరియా చేతిలో ఉన్నాయి, జపాన్ 1905లోనే తమ షిమానె జిల్లాలో కలుపుకున్నామంటుంది. ఆ పేరూ చెరిపేయండి.

కొత్తపట్నం మాష్టారు:
పేచీ చాలా పాతది. 1592లో జపాన్‌ను ఏలే హిదెయోషి కొరియా మీద దండెత్తాడు, 1598 దాకా యుద్ధం. సైనికులు ఎంతమందిని చంపారో లెక్క చూపడానికి తలలు మోయలేక ముక్కులు కోసి, ఉప్పులో ఊరవేసి ఓడలకెక్కించారు. ఇన్ని ముక్కులు ముట్టాయని రసీదులు కూడా రాసిచ్చారు. జపాన్‌లోని క్యోటోలో వాటిని పూడ్చిన దిబ్బ ఇప్పటికీ ఉంది. పేరు 'చెవుల దిబ్బ', పూడ్చింది ఎక్కువగా ముక్కులే.

ఇప్పటి మంట మాత్రం 1910 ఆగస్టులో జరిగిన విలీనానిది. అప్పట్నుంచి 35 ఏళ్లు జపాన్ పాలన. 1923లో టోక్యో ప్రాంతంలో భూకంపం వచ్చాక, కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు లేచింది. దారికాసిన గుంపులు మనిషిని ఆపి '15 యెన్ల 50 సెన్లు' అని జపనీసులో పలకమనేవి. కొరియన్ భాషలో మాట మొదట్లో జ, గ రావు, చ, క అయిపోతాయి. 'జూగో' (పదిహేను) అనాల్సింది 'చూగో' అన్నందుకు ప్రాణం పోయింది. చచ్చినవాళ్లు వేలల్లో.

1940లో ఇంటిపేర్ల మీద పడ్డారు. కిమ్ అనేది కనెదా లాంటిది అయిపోయింది. ఆరు నెలల గడువులో 80 శాతం దాకా కుటుంబాలు జపాన్ పద్ధతి ఇంటిపేరు రాయించుకున్నాయి. రాయించుకోకపోతే బడిలో, రేషన్‌లో, ఉద్యోగంలో వేధింపులు. ఏ ఊరి కిమ్, ఏ ఊరి లీ అని చూసి పెళ్లిళ్లు చేసుకునే జనానికి అది ఎంత లోతున తగిలిందో గోత్రం, ఇంటిపేరు చూసుకునే మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఉదయగిరి:
అన్నీ నిజమే మాష్టారూ. కానీ 1965లో కొరియా జపాన్ దగ్గర 30 కోట్ల డాలర్లు ఉచితంగా, 20 కోట్లు అప్పుగా తీసుకుంది. లావాదేవీలు 'పూర్తిగా, అంతిమంగా' తీరాయని సంతకం పెట్టారు. పొహాంగ్ ఉక్కు ఫ్యాక్టరీకి ఆ డబ్బు వాడుకున్నారు. మళ్లీ అడిగితే ఎట్లా?

కొత్తపట్నం మాష్టారు:
అదే రోజు సంతకం చేసిన ఇంకో ఒప్పందంలో ఒక్క మాట చూడండి. 1910 వరకు జరిగిన ఒప్పందాలు 'ఇప్పటికే చెల్లవు' అని రాశారు. ఎప్పట్నుంచి చెల్లవు? మొదట్నుంచే అంటుంది కొరియా. అప్పట్లో చెల్లాయి, కొరియా స్వతంత్రమయ్యాక పోయాయి అంటుంది జపాన్. ఎవరి దేశంలో వాళ్లు గెలిచామని చెప్పుకోవడానికి కావాలనే అట్లా వదిలారు.

2018 అక్టోబరు 30న కొరియా సుప్రీంకోర్టు పట్టుకున్నది ఆ సందునే. పాలనే అక్రమం కాబట్టి, బలవంతపు చాకిరీకి పరిహారం 1965 లెక్కలో లేదంది. అట్లా చాకిరీ చేయించుకున్న జపాన్ కంపెనీ నిప్పన్ స్టీల్, కేసు వేసిన నలుగురికి తలా 10 కోట్ల వోన్లు ఇవ్వాలని తీర్పు. ఆ తీర్పు తర్వాత, 2019 జులైలో జపాన్ చిప్‌ల తయారీకి కావాల్సిన మూడు రసాయనాలను కొరియాకు ఎగుమతి చేయడం బిగించింది, కొరియాలో జనం జపాన్ సరుకు కొనడం మానేశారు. 2023లో కొరియానే ఒక ఫౌండేషన్ నుంచి బాధితులకు చెల్లించే దారి తెచ్చింది. కొందరు తీసుకున్నారు, కొందరు జపాన్ కంపెనీయే ఇవ్వాలని వద్దన్నారు. ఉదయగిరి గారూ, ఆ 1965 డబ్బులోంచి 1970లలో కొరియా ప్రభుత్వం చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చింది 3 లక్షల వోన్లు. చేతులూ కాళ్లూ పోయి బతికొచ్చినవాళ్లకు ఏమీ రాలేదు. సంతకం పెట్టిన ప్రభుత్వం వేరు, గనిలో దిగిన మనిషి వేరు.

చీమకుర్తి గెలాక్సీ:
అర్థమైంది. కిరణాలు, సముద్రం పేరు తీసేస్తున్నాం. ఆగస్టు 15న ఇద్దర్నీ జెండా పండక్కి కూర్చోబెట్టొచ్చా?

పెన్నా ఒడ్డు:
వద్దు. కొరియాకు కూడా అది విముక్తి రోజు, జపాన్ నుంచే విముక్తి. జపాన్‌లో అదే రోజు యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకుంటారు. పైగా 13 నుంచి 16 దాకా ఒబోన్, పెద్దల పండగ, ఆఫీసుల్లో ఎవరూ దొరకరు. సెప్టెంబరు మొదటి వారం చూడండి. కొరియావాళ్ల పెద్ద పండగ చుసోక్ పౌర్ణమికి వస్తుంది, ఆ ఏడాది తేదీ ముందే కనుక్కోండి. క్వారీ చూపించేటప్పుడు ఇద్దరికీ వేరే బళ్లు పెట్టక్కర్లేదు, వాళ్లు రోజూ కలిసి వ్యాపారం చేసేవాళ్లే.