అప్‌డేట్: చెన్నైలో విమానాలు చూసొచ్చాం

నెల్లూరు నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేలా చెన్నై ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలు బాగా కనపడే చోటు చెప్పమన్నాను కదా, ఎక్కువమంది చెప్పిన సెయింట్ థామస్ మౌంట్ కొండకే మా అక్క కొడుకుని తీసుకెళ్లాను. సెంట్రల్‌లో దిగి, ఎదురుగా పార్క్ స్టేషన్లో తాంబరం లోకల్ ఎక్కితే సరిపోయింది. మెట్లెక్కేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది గానీ పైనుంచి రన్‌వే చూశాక వాడు కిందికి దిగనంటాడే!

గాలి చూసుకుని వెళ్లమన్నవాళ్లకి దండం. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి పడమటి గాలి ఉన్న రోజున తూర్పు నుంచి, ఈ కొండ పక్కగానే 25 అనే నంబరున్న రన్‌వే (దిక్కుని బట్టి పెట్టే నంబరది) మీదికొస్తాయి, మాకదే కలిసొచ్చింది. ఈశాన్యపు గాలైతే అవతల పడమటి వైపు నుంచి దిగి ఇటు లేస్తాయట, ఈసారి చలికాలంలో అది చూడాలి. టోపీ మాత్రం మర్చిపోవద్దు, నేను మర్చిపోయాను.