వాటర్ పార్క్ అయిపోయింది, కోనసీమలో పిల్లలకి ఇంకేం చూపించాలి?

అమలాపురం ఆడపడుచు: వేసవి సెలవులకి పుట్టింటికి వచ్చాం. పిల్లలు వాటర్ పార్క్‌లో తనివితీరా ఆడారు, మళ్లీ అక్కడికే అంటున్నారు. మా నేల ఎలా ఉంటుందో వాళ్లకి తెలియాలని నా కోరిక. రెండు రోజులుంది, కారుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. వెళ్లేలోపు పులస కూడా తినిపించాలి.

లంక గట్టు: మే నెలలో పులస ఎక్కడిదమ్మా? గోదారికి వరద ఎర్రనీరు రావాలి, అప్పుడే చేప సముద్రం వదిలి గోదారికి ఎదురీదుతుంది. జూలై దాకా ఆ మాటే ఎత్తకండి.

భీమవరం బుల్లోడు: మేం ఏప్రిల్‌లోనే తిన్నామండి. పులుసు అదిరిపోయింది.

లంక గట్టు: మీరు తిన్నది సముద్రపు ఇలస, అంటే ఇంకా గోదారి ఎక్కని చేప, లేదా ఐసులో దాచిన చేప. వలేసే ఇంట్లో పుట్టాను, నాకు చెప్పకండి.

భీమవరం బుల్లోడు: వల మీ ఇంట్లో ఉంటే రుచి మా నోటికి తెలీదా? పెద్దవారని ఊరుకుంటున్నాను.

కాకినాడ టీచర్: ఇద్దరూ ఆపండి, ఆవిడ అడిగింది పిల్లల గురించి. కోరింగ తీసుకెళ్లండమ్మా. ఎదుర్లంక వంతెన, యానాం దాటితే కాకినాడ రోడ్డులోనే. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. గాలి పీల్చుకోడానికే అవి అలా లేస్తాయి. ఆటు సమయంలో వెళ్తే బురద బయటపడుతుంది. కళ్లు నెత్తిమీదున్న చిన్న చేపలు నీళ్లు లేకుండానే గెంతుతూ కనిపిస్తాయి. మా తరగతి పిల్లలు అక్కణ్ణుంచి కదలం అన్నారు. ఎండెక్కకముందే వెళ్లండి.

పేరూరు పిల్ల: దోమల మాట కూడా చెప్పండి టీచర్‌గారూ!

రాజోలు రాజు: అంతర్వేది వదిలేసి అడవులెందుకు? నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్తే గోదారి పాయ వశిష్ఠ వెళ్లి సముద్రంలో కలిసేది కళ్లారా చూడొచ్చు. అటు నుంచి సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం దిగండి. పిల్లలకి ఏ పార్కులోనూ దొరకని సరదా అది.

భీమవరం బుల్లోడు: చించినాడ వంతెన ఉండగా కారు పంటెక్కించడం ఎందుకండి? టెన్షన్ తప్ప ఏముంది?

రాజోలు రాజు: వంతెన మీద పోతే గోదారి కిటికీలోంచి కనిపిస్తుంది. పంటు మీద కాళ్ల కింద ఉంటుంది. ఆ తేడా తెలియనివాళ్లతో వాదన అనవసరం.

లంక గట్టు: ఈ మాట మాత్రం నిజం. బుల్లోడుగారికి అదీ తెలీదు, ఇదీ తెలీదు.

భీమవరం బుల్లోడు: మళ్లీ మొదలెట్టారా! హోటల్‌వాళ్లు పులస అనే చెప్పారు, పులస ధరే తీసుకున్నారు.

లంక గట్టు: అదేనయ్యా నా బాధ! పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత చూపించి వేసవిలో ఊరివాళ్లని దోచేస్తున్నారు. ఏటికి ఎదురీది వచ్చే చేప పరువు తీస్తున్నారు.

ధవళేశ్వరం ఇంజనీరు: నలభై పోస్టులు చేప మీదే నడిపేలా ఉన్నారు. ఈ డెల్టా పచ్చగా ఉందంటే కారణం కాటన్ దొర. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించాడు. ధవళేశ్వరంలో ఆయన మ్యూజియం చూపించి, బ్యారేజీ మీదకి తీసుకెళ్లండి. అమలాపురం కాలవలో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పిల్లలకి అక్కడే చెప్పాలి. సర్వీసంతా ఈ కాలవల మీదే గడిపాను, ఏ లాకు సంగతి కావాలన్నా నన్నడగండి.

పేరూరు పిల్ల: దారిలో ఆత్రేయపురం ఆగండక్కా, పూతరేకులు చేయడం చూడొచ్చు. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ అలా లాగగానే రేకు ఊడి వస్తుంది. మా తమ్ముడు ఫోన్ పక్కన పెట్టి చూసింది అదొక్కటే. బెల్లం పూతరేకులే తీసుకోండి.

రాజోలు రాజు: పంచదారవే అసలు రుచి.

అమలాపురం ఆడపడుచు: అందరికీ థాంక్సండి. అత్తగారి సంగతి ఎవరూ చెప్పలేదు. ద్రాక్షారామంలో మెట్లున్నాయా?

కాకినాడ టీచర్: అక్కడి లింగం రెండంతస్తుల ఎత్తమ్మా. పై భాగం చూడాలంటే మెట్లెక్కాలి, కింది భాగం కిందనే దర్శనం అవుతుంది. పెద్దావిడ ఎక్కక్కర్లేదు. కోరింగ నుంచి తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం పెట్టుకోండి.

రాజోలు రాజు: రెండో రోజు అంతర్వేది. వరద లేదు కాబట్టి పంటు ఆగదు, కారు కూడా ఎక్కుతుంది.