నీలి బూరపువ్వు: అకాలిస్సా, క్లూసీయా?

కొండగాలి: ఇటలీ డోలమైట్స్ కొండల్లో సైజర్ ఆల్మ్ పచ్చిక, దాదాపు 2000 మీటర్ల ఎత్తు, జూన్ నెల. నేలకి అతుక్కున్నట్టు ముదురు నీలం బూరలు, ఒక్కోటి 5 సెంటీమీటర్ల పైనే. మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఒక ఫొటోకి జెన్షియానా అకాలిస్ అంటోంది, ఇంకోదానికి అదే జాతికి చెందిన జెన్షియానా క్లూసీ అంటోంది. సున్నపురాయి కొండలే కదా, క్లూసీ అని రాసేసుకోనా?

మొక్కలపిచ్చి: ఆగండి. సున్నపు నేలకి క్లూసీ, ఆమ్ల నేలకి అకాలిస్ అన్న లెక్క చాలాచోట్ల సరిపోతుంది గానీ, సైజర్ ఆల్మ్‌లో డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పక్కనే అగ్నిపర్వత శిల ఉంది. పైగా సున్నపురాయి మీదైనా హ్యూమస్ (కుళ్లిన ఆకుల మట్టి) మందంగా పేరుకుని, వానలకి సున్నం కొట్టుకుపోతే పైమన్ను ఆమ్లంగా మారుతుంది. అకాలిస్ అక్కడా వస్తుంది.

రాయిని కాదు, రక్షకపత్రాల్ని చూడండి. బూర అడుగున ఆకుపచ్చ గిన్నెకి 5 పళ్లుంటాయి. క్లూసీలో పన్ను మొదట్లోనే వెడల్పు, కొసకి సన్నబడే త్రిభుజం. పళ్ల మధ్య సందు కోసుగా ఉంటుంది. అకాలిస్‌లో పన్ను మొదట్లో నొక్కినట్టుండి మధ్యలో ఉబ్బుతుంది. సందులో పల్చని తెల్లపొర అడ్డంగా కనిపిస్తుంది.

పచ్చచార: బూర గొంతు లోపల కూడా చూడండి. అకాలిస్‌కి ముదురు ఆకుపచ్చ చారలు, చుక్కలు స్పష్టంగా ఉంటాయి. క్లూసీకి ఉండవు, ఉన్నా లీలగానే. దీన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. యాప్‌లు తడబడేదీ ఇక్కడే: పైనుంచి తీసిన ఫొటోలో పళ్లు కనపడవు. మబ్బు పడితే పువ్వు ముడుచుకుంటుంది, అందుకే ఎండలో ఒకటి నేరుగా గొంతులోకి, ఒకటి నేలబారుగా పక్కనుంచి, ఒకటి ఆకులకి తీయండి. క్లూసీ ఆకు బిరుసుగా, మొన తేలి ఉంటుంది. అకాలిస్‌ది మెత్తన, వెడల్పు. తెంపడం మాత్రం వద్దు, చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు.

కొండగాలి: పక్క ఫొటోలో తెల్లపొర ఉంది, చారలూ ఉన్నాయి. అకాలిస్సే. మరి అక్కడే పూతలేని, మోకాలెత్తు, గాడులు పడ్డ పెద్ద ఆకుల మొక్కని యాప్ పసుపు జెన్షియన్ అంటోంది?

మొక్కలపిచ్చి: ఆకులు ఎలా అమరాయో చూడండి. ఎదురెదురుగా జంటలుంటే జెన్షియన్. కాండం చుట్టూ ఒక్కొక్కటిగా మారుతూ పోతే, అడుగున నూగుంటే, అది వెరాట్రమ్ అనే వేరే మొక్క. వేరుతో సహా అంతా విషం. జెన్షియన్ వేరనుకుని సారాలో నానబెట్టి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.