‘రీఅసైన్‌మెంట్‌’కు బదిలీయా, బదలాయింపా, సర్దుబాటా?

ప్రశ్న: ఆఫీసు ఫారాలు తెలుగు చేస్తున్నాను. ‘రీఅసైన్‌మెంట్‌’ అన్న చోటల్లా ‘పునర్నియామకం’ అని రాశాను. నప్పుతుందా అండీ?

జవాబు: నప్పదండీ. రిటైరైనవాళ్లనో, గడువు తీరినవాళ్లనో మళ్లీ కొలువులోకి తీసుకుంటే అది పునర్నియామకం. ముందు ఏది కదులుతోందో చూడండి. మనిషి వేరే చోట ఉన్న పోస్టులోకి మారితే బదిలీ. పోస్టు ఉన్నచోటే ఉండి, టీచర్ని మాత్రం పక్క బడికి పంపితే ‘పని సర్దుబాటు’. ఈ రెంటికీ తేడా ఏమిటో ఏ స్టాఫ్‌రూంలో అడిగినా గంటసేపు చెబుతారు. ఆస్తి మీద హక్కు చేతులు మారితే బదలాయింపు.

ఇంకొకరు: బదిలీ ఉర్దూ మాట కదా మాస్టారూ, అచ్చ తెలుగు లేదా?

జవాబు: మూలం అరబీ ‘బదల్’. అయితేనేం, చేబదులు అడిగేటప్పుడు ఎవరికి గుర్తొస్తుంది? తమిళంలో ‘బదిల్’ అంటే జవాబు. మనమూ ‘బదులు పలకవేం’ అంటాం. కన్నడిగులు మాత్రం బదిలీని ‘వర్గావణె’ అంటారు. ‘స్థానచలనం’ ఉంది గానీ అది సంస్కృతం, పైగా వింటే ఉగాది పంచాంగ శ్రవణంలా ఉంటుంది.

మరొకరు: రెవెన్యూవాళ్ల సంగతి మరిచారు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం, పేదలకు ఇచ్చిన భూమిని అమ్మితే మామూలుగా ఆ అమ్మకం చెల్లదు. భూమిని స్వాధీనం చేసుకుని మొదటి అసైనీకో (అంటే మొదట ఆ భూమి పొందినవాడికో), వారసులకో తిరిగి ఇవ్వచ్చు. అలా కుదరకపోతే ఇంకో భూమిలేని పేదకు ఇవ్వచ్చు. తెలంగాణలో 2018 సవరణతో, 2017 చివరిలోగా కొన్నవాళ్లు భూమిలేని పేదలైతే వాళ్ల పేరనే ఇచ్చే వీలు కల్పించారు. పాతవాడికి దక్కడం, కొత్తవాడికి పోవడం, కొన్నవాడికే మిగలడం: మూడింటికీ ‘రీఅసైన్’ అని ఒక్క మాట రాసేస్తే పొలం ఎవరిదో చదివినవాడికి ఎలా తెలుస్తుంది?

జవాబు: బాగా చెప్పారు. అక్కడ ‘తిరిగి ఇచ్చారు’, ‘వేరొకరికి కేటాయించారు’ అని విడదీసి రాయాల్సిందే. వైద్యంలో అయితే ‘లింగ మార్పిడి’ అన్నట్టుగా ‘మార్పిడి’ స్థిరపడిపోయింది.

ప్రశ్న వేసినవారు: మా ఫారం ఫిర్యాదులదండీ. ఒక ఉద్యోగి చూస్తున్న ఫిర్యాదును ఇంకొకరికి ఇస్తారు.

జవాబు: ఈ మాట ముందే చెప్పాల్సింది! మనిషి కదల్లేదు, కాగితం కదిలింది. ‘మీ ఫిర్యాదును వేరొక అధికారికి అప్పగించాం’ అని వాక్యంగానే రాయండి. బటన్ మీద చోటు లేకపోతే ‘అప్పగింత మార్పు’.