అపశబ్దం అంటే బూతా, తప్పా? హనుమంతుడి మాట మీద ఒక చర్చ

పోస్టు:
నిన్న భోజనాల దగ్గర ‘ఆదిపురుష్’ సినిమా మాటొచ్చింది. మా బావగారు ఇన్నాళ్ళయినా చల్లారలేదు. “అన్ని వందల కోట్లు పోసి హనుమంతుడి నోట అపశబ్దాలు పలికించారు” అన్నారు. మా అమ్మాయి ఊరుకోదుగా. “అపశబ్దం అంటే బూతు కదా నాన్నా? ఆ డైలాగులో బాప్ అంటే హిందీలో తండ్రేగా, అందులో బూతేముంది?” అంది. నాకు ఇద్దరూ సగం సగం కరెక్టే అనిపించింది. ఇంతకీ అపశబ్దం అంటే ఏమిటండీ? గ్రాఫిక్సు, రావణుడి జుట్టు, విమానం బదులు గబ్బిలం, ఇవన్నీ ఇప్పటికే అందరూ ఉతికి ఆరేశారు. ఇక్కడ మాట గురించే చెప్పండి.

జవాబు:
వ్యాకరణంలో అపశబ్దానికీ బూతుకీ సంబంధం లేదండి. సాధుశబ్దం, అంటే వ్యాకరణం ఒప్పుకున్న మాట, కానిదే అపశబ్దం, అంతే. పాణిని వ్యాకరణం మీద రాసిన మహాభాష్యం మొదట్లోనే పతంజలి ఉదాహరణ ఇస్తాడు: ఆవుకు ‘గౌః’ సాధువు; గావీ, గోణీ, గోతా, గోపోతలికా అపభ్రంశాలు, అంటే చెడిన రూపాలు. అన్నీ పాపం ఇంట్లో ఆవును పిలుచుకునే మాటల్లా ఉంటాయి, ఒక్కదాంట్లోనూ అసభ్యం లేదు. తెలుగులోకి వచ్చాక అర్థం జారింది. “సంధ్యవేళ అపశబ్దాలు పలకకు” అని మా నాయనమ్మ అన్నప్పుడు ఆవిడ దృష్టిలో ఉన్నది విభక్తి దోషం కాదు, కీడు మాట. ఇప్పుడు తిట్టుకు కూడా అదే వాడుతున్నాం.

విచిత్రం ఏమిటంటే, ఈ మాట హనుమంతుడికి సంబంధించే రామాయణంలో ఉంది. కిష్కింధాకాండ మూడో సర్గ. హనుమంతుడు భిక్షువు వేషంలో వచ్చి మాట్లాడాక రాముడు లక్ష్మణుడితో అంటాడు:

నూనం వ్యాకరణం కృత్స్నమనేన బహుధా శ్రుతమ్
బహు వ్యాహరతానేన న కించిదపశబ్దితమ్

ఇతను వ్యాకరణమంతా ఎన్నోసార్లు విని ఉంటాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అని. మీ బావగారు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ సరిగ్గా ఆ మాటే పట్టుకున్నారు.

జవాబు:
మాస్టారూ, శ్లోకం బాగుంది గానీ, దీన్నిబట్టి పౌరాణిక సినిమా అంటే ‘నాథా’, ‘ప్రభూ’, ‘ఏమంటివి ఏమంటివి’ అనే మాట్లాడాలంటారా? ఈ కాలం పిల్లలకు అందేలా మామూలు మాటల్లో రాశామని ఆ సినిమా వాళ్ళన్నారు. ఆ వాదనలో నాకు తప్పు కనపడలేదు. మన మొల్లే కదా, గూఢశబ్దాలతో కూర్చిన కావ్యం ‘మూగ చెవిటివారి ముచ్చట’ అంది.

జవాబు:
మామూలు మాట తప్పని నేననలేదు బాబూ. వాల్మీకి హనుమంతుడు కూడా నీ పక్షమే. సుందరకాండ ముప్పయ్యో సర్గ చూడు. చెట్టు మీద కూర్చుని సీతతో ఏ భాషలో మాట్లాడాలా అని తర్కించుకుంటాడు:

యది వాచం ప్రదాస్యామి ద్విజాతిరివ సంస్కృతామ్
రావణం మన్యమానా మాం సీతా భీతా భవిష్యతి

ద్విజుడిలా సంస్కృతంలో మాట్లాడితే రావణుడే అనుకుని భయపడుతుంది. అందుకని ‘మానుషం వాక్యమర్థవత్’, మనుషులు మాట్లాడుకునే మాటే అర్థవంతంగా చెప్పాలి అనుకుంటాడు. అంటే లంకలో గ్రాంథికం మాట్లాడేది రావణుడు! కాబట్టి ‘వాడుకభాష వాడారు’ అనేది నేరమూ కాదు, సమర్థనా కాదు. అసలు ప్రశ్న ఎవరు, ఎవరితో, ఎక్కడ అన్నది.

పోస్టు పెట్టినవారు:
అయితే ఆ సన్నివేశానికే వద్దాం. సినిమాలో తోకకు నిప్పంటించి ఇంద్రజిత్తు వెక్కిరిస్తే, హనుమంతుడు గుడ్డ నీ బాబుది, నూనె నీ బాబుది అంటూ తిరిగి అంటిస్తాడు. 2023 జూన్ 16న విడుదలైతే మూడో రోజుకే డైలాగులు మారుస్తామన్నారు. తర్వాత హిందీలో ‘బాప్’ తీసి ‘లంకా’ పెట్టారు.

జవాబు:
శబ్దం మార్చారు, వాక్యం మార్చలేదు. వీధి కొట్లాటలో జవాబు జవాబుగానే ఉండిపోయింది. మీ అమ్మాయికి ఇది చెప్పండి: “మీ అయ్య బాగున్నాడా” అంటే పలకరింపు. అదే ‘నీ’ చేర్చి సంధి కలిపి “నీయయ్య” అంటే తిట్టు. రెండింట్లోనూ తండ్రే ఉన్నాడు. బూతు నిఘంటువులో ఉండదు, పొందికలో ఉంటుంది.

ఇక వాల్మీకంలో ఆ చోట హనుమంతుడు ఏమంటాడో తెలుసా? ఏమీ అనడు. ‘కోతులకు తోకంటే ఇష్టమైన భూషణమట, కాల్చండి’ అని వెటకారం చేసేది రావణుడు. రాక్షసులు పాత నూలుగుడ్డలు చుట్టి నూనె పోస్తారు. తాళ్ళతో కట్టేసి ఉన్న హనుమంతుడు లోపల లెక్క వేసుకుంటాడు: రాత్రి కోట కట్టుదిట్టాలు సరిగ్గా చూడలేదు, తెల్లారాక వీళ్ళే ఊరంతా తిప్పుతారు, చూసుకోవచ్చు అని. గూఢచారి బుర్ర! అక్కడ పైకి వినపడాల్సిన మాట సీతది. విషయం తెలిసి ఆవిడ అగ్నిని అడుగుతుంది, ‘శీతో భవ హనూమతః’, హనుమంతుడికి చల్లగా ఉండు అని. నన్నడిగితే ఆ ఘట్టం తీసే దర్శకుడికి ఇంతకన్నా పెద్ద డైలాగు అక్కర్లేదు. నిప్పు చుట్టూ గ్రాఫిక్సుకు ఎంతైనా పోయొచ్చు, ఈ రెండు ముక్కలకు రూపాయి ఖర్చు లేదు.

జవాబు:
రాజమండ్రి వైపు తోలుబొమ్మలాట చూసి పెరిగినదాన్ని, నాదొక మాట. మా ఆటలో మోటుమాటలకు కరువు లేదు. నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చారంటే మగవాళ్ళు ఈలలు, ఆడవాళ్ళు కొంగు నోటికి. అదీ రామాయణం ఆటలోనే, రంగనాథ రామాయణం ద్విపదలు పాడే నోటితోనే. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. అయితే ఆ మాటలు ఆంజనేయుడి బొమ్మ పట్టుకుని ఎప్పుడూ అనరు. తెల్లవార్లూ ఆడేవాళ్ళకు కూడా ఏ బొమ్మకు ఏ నోరో తెలుసు.

జవాబు:
అమ్మా, మేం ఇంతసేపూ కొట్టుకుంటున్నది మీరు బొమ్మతో తేల్చేశారు.

జవాబు:
ఒప్పుకున్నా మాస్టారూ. కానీ శత్రువుతో కూడా మర్యాదేనా? అది నాటకీయంగా చప్పగా ఉండదూ?

జవాబు:
ఉండదు. యాభై ఒకటో సర్గలో రావణుడి ఎదుట కట్టేసి నిలబెడితే ఎలా మొదలుపెడతాడో చూడు: ‘రాక్షసేంద్ర హరీశస్త్వాం భ్రాతా కుశలమబ్రవీత్’. రాక్షసరాజా, వానరరాజు సోదరుడిగా నీ క్షేమం అడిగాడు. బందీగా ఉన్నవాడు ప్రభువులు మాట్లాడుకునే తీరులో మొదలెట్టి, సర్గ చివరికి లంక నాశనం కళ్ళ ముందు పెడతాడు. రావణుడికి కోపం వచ్చి చంపమన్నది ఆ మాటలకే. చప్పగా ఉంటే చంపమంటాడా? ఇందాకటి కిష్కింధాకాండ సర్గలోనే రాముడు ఇంకోటి కూడా అన్నాడు, కత్తి ఎత్తిన శత్రువు మనసు కూడా ఈ మాటకు కరుగుతుందని: ‘ఉద్యతాసేరరేరపి’.

పోస్టు పెట్టినవారు:
మా అమ్మాయికి చదివి వినిపించాను. బాప్ సంగతి వదిలేసింది. రావణుడు గ్రాంథికం మాట్లాడతాడన్నది మాత్రం పట్టుకుని బావగారిని ఏడిపిస్తోంది. ఆయన పెళ్ళి శుభలేఖలు రాస్తారు లెండి.

జవాబు:
చిన్న సవరణ మాస్టారూ, ఏమీ అనుకోకండి. మొదటి శ్లోకంలో మీరు ‘బహుధా శృతమ్’ అని కొట్టారు. ‘శ్రుతమ్’ కదా?

జవాబు:
దొరికిపోయాను. పొద్దుణ్ణుంచీ అపశబ్దం మీద ఉపన్యాసం ఇచ్చి ఆ శ్లోకంలోనే పెట్టాను. దిద్దాను, ఇప్పుడు చూడండి.