‘ప్రతిదీప్తి’యా, ‘జీవదీప్తి’యా? ‘రిపోర్టర్ జీన్’కు తెలుగేది?

ప్రశ్న: జీవకణాలు తామే వెలువరించే కాంతిని కెమెరాతో పట్టే బయోలుమినిసెన్స్ ఇమేజింగ్‌పై వ్యాసం రాస్తూ దానికి ‘ప్రతిదీప్తి చిత్రణ’ అనీ, మరో జన్యువు పనిచేస్తోందో లేదో తెలిపే రిపోర్టర్ జీన్‌కు ‘విలేఖరి జన్యువు’ అనీ వాడాను. ఇవి సరిపోతాయా?

జవాబు: మొదటి మాటను మార్చక తప్పదు. ప్రతిదీప్తి అన్నది మన పాఠ్యపుస్తకాల్లో ఫ్లోరెసెన్స్‌కు స్థిరపడిన పదం. ధ్వని లేనిదే ప్రతిధ్వని లేనట్టు, బయటి నుంచి వెలుగు పడితేనే ప్రతిదీప్తి పుడుతుంది. బయోలుమినిసెన్స్‌తో వెలిగే మిణుగురుకు ఆ అవసరం లేదు. లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైము వల్ల, ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు), మెగ్నీషియం తోడుగా ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఆ చర్యలోనే కాంతి వెలువడుతుంది. అందుకే ‘జీవదీప్తి’ అనాలి. ప్రయోగశాలలోనూ ఈ తేడా ముఖ్యమే: బయటి కాంతి వేస్తే ప్రయోగానికి వాడే ఎలుక చర్మమూ కణజాలమూ కూడా ప్రతిదీప్తిని వెదజల్లి అసలు సంకేతాన్ని మసకబారుస్తాయి, చీకటి పెట్టెలోని ఎలుక మాత్రం తనంతట తాను దాదాపు వెలగదు గనుక, బాగా చల్లబరిచిన కెమెరా అతి సన్నని జీవదీప్తిని సైతం పట్టగలదు.

ఇక ‘విలేఖరి’ రాసేవాడు. ఈ జన్యువు చేసే పని వేరు. మనం గమనించదలచిన జన్యువును పనికి పురిగొల్పే ప్రమోటర్ అనే డీఎన్ఏ భాగాన్ని, 1985లో మిణుగురు నుంచి క్లోన్ చేసిన లూసిఫెరేజ్ జన్యువు ముందు చేర్చి జంతువులో ప్రవేశపెడతారు. ఆ ప్రమోటర్ చురుగ్గా ఉన్న కణాల్లోనే ఎంజైము తయారై, లూసిఫెరిన్‌ను సూదితో ఎక్కించినప్పుడు అక్కడే వెలుగు కనిపిస్తుంది; జంతువును కోయనక్కరలేదు, అదే జంతువును రోజుల తరబడి చూడవచ్చు. లోపలి సంగతిని బయటికి చేరవేసే ఈ పనికి మనకు ‘వేగు’ అనే చక్కని మాట ఉంది. ‘వేగు జన్యువు’ అందామని నా ప్రతిపాదన. వేగు అంటే తెల్లవారడం కూడా. లాటిన్‌లో ‘లూసిఫెర్’ వేగుచుక్క పేరే కావడం నాకెంతో ముచ్చటగా తోచింది.

మరొకరు: ‘వేగు’ను ‘వేగం’గా పొరబడతారేమో. ‘సూచక జన్యువు’ అనరాదా?

జవాబు: మార్కర్ జీన్‌కు, అంటే కణంలోకి కొత్త జన్యువు చేరిందో లేదో గుర్తుపట్టడానికి వాడే జన్యువుకు, ఆ మాట అవసరమవుతుంది. మొదటిసారి వాడినచోట ‘వేగు చెప్పే జన్యువు’ అని విడదీసి రాస్తే పొరపాటు రాదు. అంతకన్నా జాగ్రత్త పడవలసిన వాక్యం ఒకటుంది: ‘వెలుగు తగ్గింది’ అన్నచోట ‘జన్యువు మందగించింది’ అని రాయకండి. 600 నానోమీటర్లలోపు తరంగదైర్ఘ్యం గల కాంతిని రక్తంలోని హీమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుంది కనుక, లోతైన అవయవంలో జన్యువు ఎంత చురుగ్గా ఉన్నా బయటికి వచ్చే వెలుగు కొద్దిగానే ఉండవచ్చు.