జానపద ఫిడేలుకి కమాను పైకి పట్టుకోవడం తప్పా?

పర్లాకిమిడి_ఫిడేలు
రాయగడలో నాలుగేళ్లుగా కర్ణాటక ఫిడేలు నేర్చుకుంటున్న కుర్రాడి తరఫున అడుగుతున్నాను. వాడికి ఐరిష్ రీళ్లు (వేగంగా సాగే నాట్యపు బాణీలు), అమెరికా అప్పలాచియన్ కొండల నాట్యపు బాణీలు కూడా వాయించాలని ఉంది. ఆ వీడియోల్లో చాలామంది కమానుని ఫ్రాగ్ (చేతి వైపు చివర వెంట్రుకని పట్టి ఉంచే దిమ్మ) దగ్గర పట్టుకోరు. అంగుళం, రెండంగుళాలు పైకి జరిపి కర్ర మీద పట్టుకుంటారు. కొందరు బొటనవేలు ఫ్రాగ్ అడుగుకే పోనిస్తారు. వీడూ అలాగే పడితే గురువుగారు ఒప్పుకోవడం లేదు. ఇది చెయ్యి పాడుచేసే అలవాటా, ఆ సంగీతానికి తగిన పట్టా? కారణంతో సహా రాయండి. "సంప్రదాయం అంతే" అని వదిలెయ్యకండి.

బరంపురం_శారద
గురువుగారు చెప్పిందే సరైనది. బొటనవేలు కాస్త వంచి, దాని కొనని ఫ్రాగ్ ముందు మూలకీ తోలు చుట్టుకీ మధ్య ఆనించాలి. దానికి ఎదురుగా మధ్యవేలు. చూపుడు వేలు నడిమి కణుపు దగ్గర కర్రని తాకాలి, చిటికెన వేలు గుండ్రంగా వంగి కర్ర పైన నిలబడాలి. చూపుడు వేలు తీగ మీద బరువు పెడుతుంది, చిటికెన వేలు అక్కర్లేని బరువు తీసేస్తుంది. ఈ రెండూ కలిసి పనిచేస్తేనే కమాను మొదలు నుంచి కొన దాకా నాదం ఒకే లావుగా వస్తుంది. పట్టు పైకి జరిపితే చిటికెన వేలికి పని తగ్గుతుంది, క్రమంగా గాలిలోకి లేస్తుంది. అలా లేచిన వేలిని మళ్లీ దించడం కొత్తవాడికి మొదటి నుంచి నేర్పడం కంటే కష్టం.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893–1964) విజయనగరంలో ఫిడేలుని గొంతులా పలికించింది కమానుని నిడుపుగా లాగడంతోనే. ఉన్న పొడవుని చేజేతులా తగ్గించుకోవడం ఎందుకు?

జయపురం_జానపదం
శారద గారూ, చిటికెన వేలు పని తగ్గుతుందన్నారు, నిజమే. అలా తగ్గించుకోవడం కోసమే వాళ్లు పైకి పట్టుకుంటారు. లెక్క వేసి చూడండి. పూర్తి సైజు కమాను పొడవు సుమారు 74 సెంటీమీటర్లు, బరువు 60 గ్రాములు. వేలి మీద పెడితే తూకం నిలిచే చోటు వెనక చివర నుంచి దాదాపు 25 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఫ్రాగ్ దగ్గర పడితే బొటనవేలు అదే చివర నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే తూకపు చోటు 19 సెంటీమీటర్ల దూరంలో. చిటికెన వేలు బొటనవేలికి 4 సెంటీమీటర్లు వెనక ఉందనుకుంటే, కమానుని గాలిలో అడ్డంగా నిలపడానికి అది 60 × 19 ÷ 4, అంటే 285 గ్రాముల బరువుతో నొక్కాలి. పట్టు 5 సెంటీమీటర్లు పైకి జరిపితే అదే 210 గ్రాములు. నాలుగో వంతు పైగా తగ్గింది.

నాట్యం ఆడేవాళ్ల కోసం గంటల తరబడి ఆపకుండా వాయించే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. పైగా ఆ బాణీల్లో ఒక్కో గీతకి (కమాను ఒక వైపు ఒక్క లాగుకి) బెత్తెడు వెంట్రుక చాలు. రెండు స్వరాలు కలిపి ఒక గీత, తర్వాత రెండు విడివిడి గీతలు, మళ్లీ రెండు కలిపి: అమెరికా ఫిడేలు వాళ్లు షఫుల్ అనేది ఇదే. నోటితో పలికితే "తా తక తా తక". దీనికి భుజం కదలక్కర్లేదు, మణికట్టు చాలు. కొన బరువు తగ్గితే మణికట్టు ఒక తీగ నుంచి పక్క తీగకి ఇట్టే దాటుతుంది.

ఫిడేలు ఎక్కడ పెడతారో కూడా చూడాలి. పాతకాలపు వాళ్లలో చాలామంది గడ్డం కింద నొక్కిపట్టరు, రొమ్ముకో పై చేతికో ఆనిస్తారు. అలా కిందికి దిగిన ఫిడేలు మీద ఫ్రాగ్ దగ్గరి వెంట్రుకలతో వాయించాలంటే మణికట్టు బాగా మడవాలి. కాబట్టి నడుమ నుంచి కొన దాకానే వాడతారు. వాడని పొడవు పోయినా వాళ్లకి లోటేమీ లేదు.

రాజూరా_కిక్రి
ఇక్కడ చంద్రపూర్, ఆదిలాబాద్ ప్రధాన్ తెగవాళ్లు గోండు కథలకి కమానుతో వాయించే మూడు తీగల కిక్రిని కూడా లెక్కలోకి తీసుకోండి. జానపదం అనగానే ఐర్లాండే గుర్తుకు రావాలా?

సారంగి చూడండి. దానికి పట్టు పూర్తిగా తలకిందులు: అరచెయ్యి పైకి, వేళ్లు వెంట్రుకకీ కర్రకీ మధ్య. తీగలు నిలువుగా ఉంటే కమాను బరువు తీగ మీద పడదు. ఒత్తిడంతా చేత్తోనే పెట్టాలి, దానికి కింద నుంచి పట్టడమే వీలు. కర్ణాటక ఫిడేలు భుజాన పెట్టే ఫిడేలుకీ సారంగికీ నడుమ ఉంది. ఫిడేలు తల (బిరడాల వైపు కొన) కుడి చీలమండ మీద ఆని తీగలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి, నిలబడి భుజాన పెట్టుకునేవాళ్లకి దొరికినంత బరువు కమాను నుంచి ఊరికే రాదు. వాద్యం ఎలా నిలుస్తుందో చూడకుండా పట్టు మంచిదా చెడ్డదా అని తేల్చలేం.

బరంపురం_శారద
రాజూరా వారూ, ఏటవాలు సంగతి బాగా చెప్పారు, కానీ అది నా వాదననే బలపరుస్తుంది. ఊరికే వచ్చే బరువు తక్కువైనప్పుడు చూపుడు వేలు ఎక్కువ పనిచెయ్యాలి, దాన్ని సరిదిద్దడానికి చిటికెన వేలు ఉండాలి. మన దగ్గర ఫిడేలు రెండు చోట్ల ఆని కదలకుండా ఉండేదే ఎడమ చెయ్యి స్వేచ్ఛగా జారడానికి. తోడి రాగంలో ఒక గాంధారం ఊగుతూ ఉండగా మధ్యలో కమాను తిరిగితే ఆ ఊపు (గమకం) తెగుతుంది. విళంబ (నెమ్మది) కాలంలో ఒక్కో గీత ఎంత నిడివి అయితే అంత మంచిది. 65 సెంటీమీటర్ల వెంట్రుకలో 5 పోతే "ఎంతలే" అనిపిస్తుంది. కానీ పోయేది ఫ్రాగ్ దగ్గరి భాగం, చేతి బరువు నేరుగా దిగే చోటు. స్వరం నిండుగా మొదలయ్యేది అక్కడే.

జయపురం_జానపదం
రాగాలాపనకి పైకి పట్టమని నేను అనలేదమ్మా. అది శాస్త్రీయానికి విరుద్ధమైన మొరటు పట్టు అనుకోవడాన్నే కాదంటున్నాను. 1738లో ఫ్రెంచి సంగీతకారుడు మిషెల్ కోరెట్ అప్పటి పట్లు రెండు రాశాడు. ఇటలీ వాళ్లు కర్రని ఫ్రాగ్‌కి బాగా పైన పట్టేవారు, ఫ్రాన్సు వాళ్లు ఫ్రాగ్ పక్కన బొటనవేలు వెంట్రుకల కింద పెట్టేవారు. ఇప్పుడు పల్లె ఫిడేలు వాళ్ల చేతుల్లో తప్పుగా కనిపిస్తున్నవి ఈ రెండే కదా! నాట్యానికి వాయించిన ఫ్రెంచి వాళ్లకి కిందికి లాగే గీత బలంగా పడాలి, వెంట్రుకల కింద బొటనవేలు అందుకే. తర్వాత ఫ్రాన్స్వా తూర్త్ (1747–1835) లోపలికి వంగిన పొడవాటి కమాను స్థిరపరిచాక కొన బరువెక్కింది. దానితోపాటు చేతి పట్టూ ఫ్రాగ్ దగ్గర స్థిరపడింది.

ఆ కుర్రాడికి ఇంకో సంగతి. అప్పలాచియన్ బాణీలకి వాళ్లు తరచు నాలుగు తీగలకి ఏ-ఈ-ఏ-ఈ (ఇంగ్లీషు స్వరాల పేర్లు) శ్రుతి పెడతారు. అది మన స-ప-స-ప వరసే. కర్ణాటక శ్రుతిలో ఉన్న ఫిడేలు మీదే పక్క తీగ మోగిస్తూ ఆ బాణీలు వాయించొచ్చు, బిరడాలు తిప్పే పని లేదు.

ఛత్రపురం_కమాను
రిపేరు వైపు నుంచి. పైకి పట్టినప్పుడు వచ్చే చిక్కుల్లో మొదటిది బొటనవేలు జారడం. ఫ్రాగ్ మూల ఆసరా ఉండదు, తోలు రెండు మూడు సెంటీమీటర్లతో అయిపోతుంది, ఆపైన నున్నటి వెండి తీగ చుట్టు. చెమట చెయ్యి అక్కడ నిలవదు. జారకుండా గట్టిగా పిసికితే బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతుంది. మెత్తని రబ్బరు గొట్టం ముక్క 3 సెంటీమీటర్లు కోసి తొడిగితే సరిపోతుంది. జిగురు మాత్రం వాడకండి, వార్నిష్ లేచిపోతుంది.

రెండోది ఎగరడం. తూకపు చోటుకి దగ్గరగా పట్టి, వెంట్రుక బిగించే స్క్రూ మరీ తిప్పేస్తే కమాను తీగ మీద గెంతుతుంది. నడిమధ్యలో కర్రకీ వెంట్రుకకీ పెన్సిలంత సందు చాలు, పైకి పట్టేవాళ్లు ఇంకో అర తిప్పు వదులుకోవచ్చు.

బొటనవేలు అడుగున పెట్టేవాళ్లు ఫ్రాగ్ లోహపు చుట్టు మీద పెట్టండి, వెంట్రుక మీద వద్దు. చేతి జిడ్డు అంటిన చోట రోజిన్ (వెంట్రుకకి రాసే బంక) పట్టదు, అక్కడికి వచ్చేసరికి నాదం జారిపోతుంది. మన గంజాం తీరంలో వానాకాలం గాలి తేమకి వెంట్రుక సాగుతుంది. రోజూ వాయించే ముందు సందు చూసి బిగించండి, అయ్యాక వదులు చెయ్యండి.

పర్లాకిమిడి_ఫిడేలు
అయితే ఆ కుర్రాడు రెండూ నేర్చుకోవచ్చంటారా?

బరంపురం_శారద
ఇప్పుడే వద్దు. ముందు ఒక పరీక్ష పెట్టండి. ఫ్రాగ్ దగ్గర పట్టుతో షడ్జం మీద ఒకే గీత 15 సెకన్లు, నాదం వణక్కుండా, రెండు వైపులా లాగమనండి. తర్వాత కమానుని గాలిలోకి ఎత్తి, చిటికెన వేలు కర్ర మీద నుంచి లేవకుండా ఫ్రాగ్ దగ్గర మెల్లగా దించమనండి. రెండూ తడబడకుండా వస్తే అప్పుడు పైకి పట్టనివ్వండి. రాకపోతే ఇంకో ఏడాది ఆగడమే మంచిది.

జయపురం_జానపదం
పరీక్ష మంచిదే, ఏడాది ఆగమనడం మాత్రం ఒప్పుకోను. నాలుగేళ్లు నేర్చినవాడికి పట్టు మార్చడం అంత ప్రమాదమేమీ కాదు, రెండింటినీ కలగాపులగం చెయ్యకపోతే చాలు. ముందు కర్ణాటక సాధన పూర్తిగా ముగించాలి. తర్వాత రబ్బరు తొడిగి, 4 సెంటీమీటర్లు పైకి పట్టి, షఫుల్ ఒక్కటే నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టాలి. చిటికెన వేలు కర్రని తాకుతూనే ఉండాలి, నొక్కనక్కర్లేదు. శారద గారు భయపడుతున్న అలవాటు పడకుండా ఉండేది దానివల్లే. 100 దాటాక మణికట్టు బిగుసుకుంటే వేగం తగ్గించమనండి, పట్టు ఇంకా పైకి జరపొద్దు.